తెర ఒకచోట, లెక్క ఒకచోట: టెర్మినల్ సర్వర్ పనిచేసే తీరు

కంప్యూటరు ముందు కూర్చున్న సంఘం కార్యదర్శిని మన సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "నా లెక్క ఇందులో ఉన్నదా?" కొన్ని సంఘాలలో ఉంటుంది. కొన్నింటిలో మాత్రం అక్కడ కనిపిస్తుందే గాని, ఉండేది వేరేచోట. తెర మన ఊళ్ళో ఉంటుంది, లెక్క రాసివున్న యంత్రం జిల్లా కేంద్రంలోనో అంతకంటె దూరంలోనో ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య అక్షరాలను మోసుకుపోయే ఏర్పాట్లలో టెర్మినల్ సర్వర్ అనేది చాలా పాతది. పాతదైనా పోలేదు. వేషం మార్చుకుని ఇప్పటికీ పనిచేస్తున్నది. పాలడబ్బు లెక్కలు కంప్యూటరు చేతికి వెళ్ళిన తరువాత ఈ పద్ధతి ఎట్లా నడుస్తుందో సభ్యులు కొంతవరకు తెలుసుకుని ఉండటం అవసరం. ఎందుకంటే తీగ తెగిన రోజున ఎవరి పాలు ఎవరి ఖాతాలో పడ్డాయన్న తగాదా వచ్చేది మన గుమ్మంలోనే.

పేరును చూసి భయపడనక్కరలేదు. సర్వరు అనే మాట మనకు కొత్తది కాదు. హోటలులో సర్వరు వంట చేయడు. పది బల్లల దగ్గర ఎవరికి ఏమి కావాలో విని, వంటగదికి చెప్పి, ఎవరి ప్లేటు వారి ముందు పెడతాడు. టెర్మినల్ సర్వర్ చేసేదీ సరిగ్గా ఇంతే. అది లెక్క చేయదు, లెక్క దాచదు. పది మంది అడిగినవి లోపలికి చేరవేస్తుంది, వచ్చిన జవాబులను తారుమారు కాకుండా పది మందికీ అందిస్తుంది.

టెర్మినల్ అంటే చివర

రైలుమార్గం ఆగిపోయే ఆఖరి స్టేషనును టెర్మినల్ అంటారు. కంప్యూటరు నుంచి బయలుదేరిన తీగ చివర ఉండే మీటల పలక, తెర కలిసి టెర్మినల్. మొదట్లో తెర కూడా లేదు. టెలిగ్రాఫు ఆఫీసులలో వాడిన టెలిప్రింటరు వంటి యంత్రమే కాగితం మీద టకటక కొట్టేది. తరువాత గాజు తెరలు వచ్చాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ 1978లో విడుదల చేసిన వి.టి. 100 వీటిలో బాగా పేరు పొందింది. ఈనాటికీ చాలా కంప్యూటర్లలో అక్షరాల తెర దాని పద్ధతినే అనుసరిస్తుంది.

టెర్మినల్ గురించి గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. మనం మీట నొక్కితే అక్షరం నేరుగా తెర మీదికి రాదు. తీగ వెంట కంప్యూటరు దాకా పోతుంది. కంప్యూటరు దానిని అందుకుని, మళ్ళీ వెనక్కి పంపితే అప్పుడు తెర మీద కనిపిస్తుంది. బావిలోకి తొంగిచూసి పిలిస్తే మన గొంతు మనకే తిరిగి వినిపించినట్లు. అందుచేత తెర మీద అక్షరం పడిందంటే అది అవతలి యంత్రానికి చేరి తిరిగివచ్చిందని గుర్తు. మీట నొక్కినా తెర కదలకపోతే, తప్పు మీటది కానక్కరలేదు. దారిలో ఎక్కడో ఆగిపోయి ఉండవచ్చు.

ఇంత దూరం తీగలు లాగడం దేనికి, ప్రతి బల్ల మీద ఒక కంప్యూటరు పెట్టుకోవచ్చుగదా అని అడగవచ్చు. ఈ రోజు పెట్టుకోవచ్చు. 1960లలో ఒక కంప్యూటరు ఒక పెద్ద గదిని ఆక్రమించేది, దాని ఖరీదు పెద్ద సంస్థలు మాత్రమే భరించగలిగేవి. అంత ఖరీదైన యంత్రం ముందు ఒక మనిషి కూర్చుని ఆలోచిస్తుంటే యంత్రం ఊరికే ఎదురుచూస్తూ ఉండిపోయేది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు ఒక ఉపాయాన్ని పనిచేయించి చూపారు. ఒకే యంత్రం క్షణంలో చిన్న భాగాన్ని ఒకరికి, తరువాతి భాగాన్ని ఇంకొకరికి వంతులవారీగా ఇస్తుంది. ఒక బోరు మోటారు మీద నలుగురు రైతులు వంతులు వేసుకుని మళ్ళు తడుపుకున్నట్లే. తేడా ఏమిటంటే ఇక్కడ వంతు ఎంత త్వరగా తిరిగి వస్తుందంటే, ప్రతివారూ యంత్రం తమ ఒక్కరికోసమే పనిచేస్తున్నదనుకుంటారు.

మన రాష్ట్రాల వారికి బాగా తెలిసిన ఉదాహరణ రైల్వే రిజర్వేషను. 1985లో ఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషను ప్రారంభమైంది. ఒక నగరంలోని కంప్యూటరుకు మరో నగరంలోని కంప్యూటరు లెక్క తెలిసేటట్లు రూపొందించిన కాన్సర్ట్ అనే ఏర్పాటు 1994లో మొదట సికింద్రాబాదులోనే అమలులోకి వచ్చింది. కౌంటరులో గుమాస్తా ముందున్న తెరలో ఒక్క బెర్తు కూడా దాచి ఉండదు. బెర్తుల ఖాతా అంతా కేంద్ర కంప్యూటరులో ఉంటుంది. రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకుండా ఉండటానికి కారణం అదే. ఖాతా ఒక్కటే ఉండి, తెరలు అనేకం ఉండటం ఈ పద్ధతికి ఉన్న బలం.

తీగల చిక్కు

నలభై టెర్మినళ్ళు కావాలంటే పాత పద్ధతిలో కంప్యూటరు నుంచి నలభై తీగలు లాగవలసి వచ్చేది. కంప్యూటరు వెనుక నలభై రంధ్రాలు ఉండాలి. ఈ తీగలకు ఆర్.ఎస్. 232 అనే ప్రమాణం ఉన్నది. 1960లో అమెరికాలో ఏర్పడిన ఈ ప్రమాణం ప్రకారం వాడే తీగ పొడవు సుమారు 50 అడుగులు, అంటే 15 మీటర్ల లోపల ఉండటం మంచిదని చాలాకాలం పాటించారు. నెమ్మదిగా పంపితే కొంత ఎక్కువ దూరం కూడా పనిచేస్తుంది గాని, ఆవరణకు ఆ చివర ఉన్న గోదాముకో, పక్క భవనానికో ఈ తీగ నమ్మకంగా చాలదు.

రెండవ కంప్యూటరు కొన్నప్పుడు చిక్కు రెట్టింపయ్యేది. జీతాల లెక్క ఒకదానిలో, సరుకుల లెక్క మరొకదానిలో ఉంటే, రెండూ చూడవలసిన గుమాస్తాకు రెండు టెర్మినళ్ళు పెట్టాలి, లేదా ఒక తీగ పీకి రెండవదానిలో గుచ్చాలి. కంప్యూటరు గదిలో తీగలు గడ్డిమోపులా పేరుకుపోయేవి. ఏ తీగ ఎవరిదో తెలిసిన మనిషి సెలవు పెడితే ఆ రోజుకు అంతే సంగతులు.

దీనికి విరుగుడుగా మొట్టమొదటగా చెప్పుకోదగిన పెట్టె 1971లో అమెరికాలో వచ్చింది. నేటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ అనే జాలంలో, సొంత కంప్యూటరు లేని సంస్థలు కూడా టెర్మినళ్ళు తగిలించుకుని దూరంగా ఉన్న కంప్యూటర్లను వాడుకోవడానికి టిప్ అనే యంత్రాన్ని తయారుచేశారు. దానికి 63 టెర్మినళ్ళ దాకా తగిలించవచ్చు. 1980లలో ఈథర్నెట్ అనే ఉమ్మడి తీగ పద్ధతి వ్యాపించిన తరువాత ఇదే పని చేసే చిన్న పెట్టెలు మార్కెట్టులోకి వచ్చాయి. డిజిటల్ కంపెనీ వారి డెక్ సర్వర్ 100కు ఒకవైపు ఎనిమిది టెర్మినళ్ళ రంధ్రాలు, రెండవవైపు ఈథర్నెట్ తీగ. ఎనిమిది పొడుగాటి తీగలకు బదులు, ఎనిమిది పొట్టి తీగలు పెట్టె దాకా వస్తాయి. అక్కడనుంచి కంప్యూటరు దాకా అందరికీ ఒక్కటే దారి.

పెట్టెలో జరిగేదేమిటి?

టెర్మినల్ నుంచి వచ్చే ప్రతి అక్షరం ఎనిమిది ముక్కలుగా వస్తుంది. "ఇదిగో వస్తున్నాను" అని ముందు ఒక గుర్తు, "అయిపోయింది" అని వెనుక ఒక గుర్తు కలిసి పది. సెకనుకు 9,600 ముక్కలు పోయే తీగ మీద సుమారు 960 అక్షరాలు పోగలవు. మనిషి ఎంత చురుకైనవాడైనా సెకనుకు పది అక్షరాలకు మించి కొట్టడం కష్టం. అంటే ఆ తీగ ఎక్కువ సమయం ఖాళీగానే పడి ఉంటున్నదన్నమాట. ఒక్క క్యాను కోసం లారీ కట్టించుకుని పోయినట్లు. ఎనిమిది మంది అక్షరాలను ఒకే దారిలో పంపితే ఎవరికీ ఇరుకు కలగదని ఈ లెక్కవల్లనే తేలింది.

అయితే అక్షరాలను పాలలాగా కలపడానికి వీలులేదు. పాలు టాంకరులో కలిసిపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఎవరి కొలత వారికి ముందే రాసుకున్నాం. అక్షరాలకు సరిపోయే పోలిక, వెన్న పరీక్షకు తీసే నమూనా సీసాల పళ్ళెం. పళ్ళెం ఒక్కటే, సీసాలు అనేకం, ప్రతి సీసాకు సభ్యుని నంబరు చీటీ ఉంటుంది. సీసాలన్నీ కలిసే ప్రయాణం చేస్తాయి, లోపలి పాలు మాత్రం కలవవు. టెర్మినల్ సర్వర్ ప్రతి రంధ్రం నుంచి వచ్చిన అక్షరాలను విడివిడిగా చిన్న గిన్నెలలో పోగుచేసి, ఏది ఎవరిదో నంబరు వేసి, అన్నింటినీ ఒక కట్టగా కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు ఆ నంబర్లు చూసి విడదీసుకుని, జవాబులను అవే నంబర్లతో కట్టకట్టి పంపుతుంది. నంబరు తప్పితే ఏమవుతుందో, సీసా చీటీ ఊడిపోయిన రోజు చూసినవారికి చెప్పనక్కరలేదు.

కట్ట ఎప్పుడు బయలుదేరాలి? దీనికి రెండు పద్ధతులు ఉండేవి. డిజిటల్ కంపెనీ వాడిన ల్యాట్ అనే పద్ధతిలో పెట్టెకు ఒక గడియారం ఉంటుంది. మామూలుగా దానిని 80 మిల్లీ సెకన్లకు పెట్టేవారు, అంటే సెకనులో పన్నెండవ వంతు. అంతసేపటిలో ఒకే కంప్యూటరుకు వెళ్ళవలసిన అక్షరాలు ఎన్ని పోగైతే అన్ని కలిపి ఒకే కట్టగా పంపుతుంది. పాలవ్యాను వేళకు బయలుదేరినట్లు: ఒక క్యాను ఉన్నా, పది క్యానులు ఉన్నా అది ఆగదు. ఆ ఆలస్యం మనిషి కంటికి దాదాపు ఆనదు, తీగకు మాత్రం ఎంతో భారం తగ్గుతుంది.

రెండవది టెల్‌నెట్ పద్ధతి. ఇందులో ప్రతి వాడకందారుకు కంప్యూటరుతో విడిగా ఒక సంబంధం ఏర్పడుతుంది. ఇక్కడ ఒక చిత్రమైన దుబారా ఉన్నది. ఒక్క అక్షరం పంపాలన్నా దానికి ఎక్కడనుంచి ఎక్కడికి, వరుస ఎంత వంటి వివరాలతో 40 అక్షరాలంత చిరునామా చీటీ తగిలించాలి. గుప్పెడు తవుడుకు గోనెసంచి వాడినట్లు, ఒకటి పంపడానికి 41 అవుతాయి. దీనిని తగ్గించడానికి 1984లో జాన్ నేగిల్ అనే ఇంజనీరు ఒక సూత్రం చెప్పాడు. ముందు పంపినది అందినట్లు కబురు వచ్చేదాకా తరువాతి చిన్న అక్షరాలను కూడబెట్టి, అన్నీ కలిపి ఒకసారి పంపమన్నాడు. ఆ సూత్రం ఇవాళ మనం వాడే ఫోన్లలోనూ, కంప్యూటర్లలోనూ ఉన్నది. ఇక ల్యాట్‌కు ఉన్న పెద్ద కొరత ఏమిటంటే, అది ఒక ఆవరణలోని జాలం దాటి రూటరు ద్వారా ఊళ్ళు తిరగలేదు. టెల్‌నెట్ దుబారా చేసినా ప్రపంచమంతా తిరగగలదు. చివరకు నిలిచింది టెల్‌నెట్ వంశమే.

ల్యాట్‌లో ఒక మంచి ఏర్పాటు గురించి మాత్రం చెప్పాలి. జాలంలోని కంప్యూటర్లు "నేను ఫలానా పని చేస్తాను, నా దగ్గర ఇంత ఖాళీ ఉన్నది" అని అప్పుడప్పుడు చాటింపు వేస్తూ ఉండేవి. రెండు మూడు కంప్యూటర్లు ఒకే పని చేస్తుంటే, టెర్మినల్ సర్వర్ తక్కువ బరువున్న దానికి వాడకందారుని పంపేది. ఏ శీతలీకరణ కేంద్రంలో చోటున్నదో ముందుగా తెలుసుకుని వ్యానును అటు మళ్ళించడం వంటిది. ఒకే టెర్మినల్ నుంచి రెండు కంప్యూటర్లతో మాట్లాడటం కూడా వీలయింది. రెండు తెరల గుమాస్తాకు ఒక తెర చాలింది.

ఇంకొక చిన్న మర్యాద. కంప్యూటరు వేగంగా పంపుతుంటే టెర్మినలో, ప్రింటరో అందుకోలేకపోవచ్చు. అప్పుడు అది "ఆగు" అనే గుర్తు, తేరుకున్న తరువాత "ఇక పంపు" అనే గుర్తు పంపుతుంది. ఈ మర్యాద పాటించకపోతే చీటీలో మధ్య అక్షరాలు రాలిపోతాయి. లీటర్ల అంకెలో ఒక స్థానం రాలిపోవడం అంటే ఏమిటో ఊహించండి.

కాంటా వెనుక అదే పెట్టె

టెర్మినళ్ళు మ్యూజియాలకు చేరినా ఆ తీగలు పోలేదు. మన సేకరణ కేంద్రాలలో ఎలక్ట్రానిక్ కాంటా, పాల విశ్లేషణ యంత్రం చాలాచోట్ల ఇప్పటికీ అదే ఆర్.ఎస్. 232 తీగ మీద మాట్లాడతాయి. కాంటా తన తూకాన్ని అక్షరాలుగా పంపుతుంది. దానిదృష్టిలో అవతల ఉన్నది కంప్యూటరా, మరొకటా అన్నది పట్టదు. ఇటువంటి యంత్రాలను ఈథర్నెట్‌కు కలపడానికి నేడు దొరికే సీరియల్ డివైస్ సర్వర్ అనేది పాత టెర్మినల్ సర్వర్‌కు స్వయానా మనుమడు. ఒకవైపు కాంటా తీగ, రెండవవైపు జాలపు తీగ. తేడా ఏమిటంటే, పూర్వం మనిషి టెర్మినల్ నుంచి కంప్యూటరును పిలిచేవాడు. ఇప్పుడు కంప్యూటరే పెట్టెను పిలిచి "కాంటా ఏమంటున్నది?" అని అడుగుతుంది. పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలలో కూడా పాడైన యంత్రాన్ని దూరంనుంచి సరిచేయడానికి, దాని వెనుక తలుపు వంటి సీరియల్ తీగకు ఇదే పెట్టెను తగిలించి ఉంచుతారు. జాలం మొత్తం పడిపోయినా ఆ వెనుక తలుపు తెరుచుకుంటుంది.

కార్యదర్శులకు, టెస్టర్లకు అక్కరకు వచ్చే మాటలు ఇక్కడ కొన్ని చెప్పుకోవాలి. కాంటా అంకె బదులు తెర మీద పిచ్చి గుర్తులు వస్తే యంత్రం చెడిపోయిందని వెంటనే తీర్మానించకండి. రెండు చివరల వేగం ఒకటిగా లేకపోతే ఇట్లా జరుగుతుంది. కాంటా 2,400 వేగంతో పంపుతుండగా పెట్టె 9,600కు పెట్టి ఉంటే, నెమ్మదిగా మాట్లాడేవానిని తొందరగా వినబోయినట్లవుతుంది. అసలు ఏమీ రాకపోతే తీగలో పంపే పోగు, అందుకునే పోగు అటుదిటు అయ్యాయేమో చూడాలి. ఇవి తొమ్మిది సూదుల కొసలో రెండవది, మూడవది. ఇద్దరూ ఒకరి నోటికి ఒకరు చెవి పెట్టాలిగాని, నోటికి నోరు పెడితే మాట వినపడదు. మూడవది, ఈ తీగను భవనం నుంచి భవనానికి బయట గాలిలో లాగవద్దు. రెండుచోట్ల ఎర్తింగు ఒకటిగా లేకపోయినా, దగ్గరలో పిడుగు పడినా రెండు కొసల యంత్రాలూ కాలిపోయే అవకాశం ఉన్నది.

పేరు అదే, మనిషి వేరు

ఇప్పుడు కొందరు అమ్మకందారులు "టెర్మినల్ సర్వర్" అని చెప్పి చూపించేది పైన చెప్పిన పెట్టెను కాదు. ఇక్కడ సభ్యులు, ముఖ్యంగా పాలకవర్గంవారు జాగ్రత్తగా గమనించాలి. 1995లో సిట్రిక్స్ అనే కంపెనీ, 1998లో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ కంప్యూటరుకే పాత వంతుల పద్ధతిని తెచ్చిపెట్టాయి. ఒక పెద్ద కంప్యూటరులోకి అనేకమంది ఒకేసారి ప్రవేశిస్తారు. ప్రతివారికీ తమ సొంత కంప్యూటరులాగే బొమ్మలతో కూడిన తెర కనిపిస్తుంది. ప్రోగ్రాములన్నీ నడిచేది పెద్ద యంత్రంలోనే. మన బల్ల మీదికి వచ్చేది తెర బొమ్మ మాత్రమే, అందులోనూ మారిన భాగం మాత్రమే. ఇటునుంచి పోయేవి మీటల నొక్కులు, మౌసు కదలికలు. మైక్రోసాఫ్ట్‌వారు 2009లో దీని పేరును రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అని మార్చారు గాని, బజారులో పాతపేరే నిలిచిపోయింది.

పాత పెట్టె హోటలులో సర్వరు అయితే, ఇది వంటగదీ సర్వరూ కలిసినది. అందువల్ల దీనికి బలమైన యంత్రం, చాలినంత జ్ఞాపకశక్తి కావాలి. ఒకరు పెద్ద లెక్క మొదలుపెడితే మిగతావారి తెరలు బరువెక్కుతాయి. లాభాలు మాత్రం నిజమైనవే. లెక్కల ప్రోగ్రాము ఒక్కచోట మారిస్తే అందరికీ మారినట్లే. నకలు ఒక్కచోట తీసి దాచుకుంటే చాలు. బల్ల మీద ఉన్న పాత కంప్యూటరు ఇంకొన్నేళ్ళు పనికివస్తుంది, అది చెడిపోయినా దొంగలెత్తుకుపోయినా లెక్క పోదు. యూనియను కార్యాలయంలో దాణా, మందులు, చెల్లింపుల ఖాతాలు రాసేవారికి నా దృష్టిలో ఇది మంచి ఏర్పాటు.

దూరం పెరిగేకొద్దీ ఒక ఇబ్బంది ఉన్నది. మీట నొక్కు అవతలికి పోయి తిరిగి రావాలని ముందే చెప్పాను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం ద్వారా ఈ ప్రయాణం చేస్తే, పోను రాను సుమారు అర సెకను పడుతుంది. కాంతి వేగంతో పోయినా అంతే, దానిని ఎవరూ తగ్గించలేరు. అంకె కొట్టి, కనిపించలేదని మళ్ళీ కొడితే 6 లీటర్లు 66 అవుతుంది. ఇటువంటి తెర ముందు పనిచేసేవారికి ఓపిక కూడా ఒక అర్హత.

తాళం సంగతి కూడా చెప్పాలి. పాత టెల్‌నెట్ పద్ధతిలో రహస్యపదం పోస్టుకార్డు మీద రాసినట్లు బయటకు కనిపిస్తూ పోయేది. దారిలో ఉన్నవాడు చదువుకోవచ్చు. అందుకే 1995లో ఫిన్లాండులో టాటు యులోనెన్ అనే ఆయన ఎస్.ఎస్.హెచ్. అనే మూసిన కవరు పద్ధతిని తయారుచేశాడు. విండోస్ టెర్మినల్ సర్వర్ మామూలుగా 3389 అనే తలుపు దగ్గర వింటూ ఉంటుంది. ఆ తలుపును ఇంటర్నెట్ వీధిలోకి తెరిచిపెడితే ప్రపంచంలోని దొంగలందరూ వచ్చి తట్టిచూస్తారు. 2019 మే నెలలో పాత విండోస్ యంత్రాల ఈ తలుపులో, రహస్యపదం లేకుండానే లోపలికి రాగల పెద్ద కన్నం బయటపడింది. మైక్రోసాఫ్ట్ తన మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్.పి.కి కూడా మరమ్మతు ఇవ్వవలసి వచ్చింది. అటువంటి మరమ్మతులు ఎప్పటికప్పుడు వేయించడం, తలుపు ముందు వి.పి.ఎన్. అనే మరో గడప ఏర్పాటు చేయించడం, ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్క రహస్యపదం ఇవ్వడం తప్పనిసరి. ఆఫీసు మొత్తానికి ఒకే రహస్యపదం పెట్టి, దానిని గోడ క్యాలెండరు మీద రాసుకునే అలవాటు ఉన్నచోట, చెల్లింపు మార్చింది ఎవరో ఏ ఆడిటరూ తేల్చలేడు.

తీగ తెగిన పూట

ఉదయం ఆరు గంటలు. నూటయాభై మంది పాలతో వరుసలో ఉన్నారు. ఆ సమయంలో దారి తెగింది. తెర ఆగిపోయింది. 127వ నంబరు సభ్యుని పాలు అప్పుడే కాంటా మీద నుంచి దించారు. ఆయన లెక్క ఎక్కినట్లా, ఎక్కనట్లా?

టెర్మినల్ పద్ధతిలో దీనికి జవాబు తెర దగ్గర దొరకదు. చివరి మీట నొక్కు అవతలికి చేరి, జవాబు రాకముందు దారి తెగి ఉంటే లెక్క ఎక్కి ఉంటుంది. నొక్కే దారిలో ఆగిపోయి ఉంటే ఎక్కి ఉండదు. ఇటు చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. విండోస్ టెర్మినల్ సర్వర్‌లో దారి తెగినా మన పని సాధారణంగా అక్కడ అట్లాగే నిలిచి ఉంటుంది. మళ్ళీ ప్రవేశించినప్పుడు సగం రాసిన తెర ఎదురవుతుంది. కాబట్టి తిరిగి కలిసిన వెంటనే చేయవలసిన మొదటి పని కొత్త నమోదు కాదు. 127వ నంబరు ఖాతా తెరిచి, ఆ పూట పాలు ఉన్నాయో లేదో చూడటం. తొందరలో మళ్ళీ కొడితే ఒకే పాలు రెండుసార్లు ఎక్కుతాయి. ఎక్కాయిలే అనుకుని వదిలితే సభ్యుని పూట పాలు గల్లంతవుతాయి. మొదటిదానిలో సంఘం నష్టపోతుంది, రెండవదానిలో సభ్యుడు. చీటీ చేతిలో ఉన్నవారికి అడిగే ఆధారం ఉంటుంది. అందుకే చీటీని పదిరోజుల చెల్లింపు చేతికి వచ్చేదాకా పారవేయవద్దని చెబుతున్నాం.

ఈ కారణంచేత పాలు కొలిచేచోట కేవలం తెర మాత్రమే ఉండి, లెక్క అంతా దూరాన ఉండే ఏర్పాటు పనికిరాదని నా అభిప్రాయం. రైల్వే కౌంటరులో దారి తెగితే ప్రయాణికులు గంటసేపు కూర్చోగలరు. పాలు కూర్చోవు. సేకరణ కేంద్రంలోని యంత్రం తూకాన్నీ, వెన్న శాతాన్నీ ముందు తనలో రాసుకుని, చీటీ ఇచ్చి, దారి బాగుపడిన తరువాత యూనియనుకు పంపేదిగా ఉండాలి. ప్రతి నమోదుకు ఒక వరుస నంబరు ఉండాలి. అప్పుడు అదే నమోదు రెండుసార్లు పోయినా అవతలి యంత్రం నంబరు చూసి రెండవదానిని పక్కన పెడుతుంది. నెలవారీ ఖాతాలు, దాణా బాకీలు చూసుకోవడానికి టెర్మినల్ పద్ధతి సరిపోతుంది.

కొత్త యంత్రాల కొనుగోలు తీర్మానం సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు, ధరతోపాటు ఈ పరీక్ష కూడా అమ్మకందారు చేత చేయించండి. పాలు పోస్తున్న సమయంలోనే జాలపు తీగను సభ్యుల ఎదుట పీకమనండి. ఆ తరువాత పదిమంది పాలు కొలిపించి చీటీలు తీసుకోండి. కరెంటు కూడా ఒకసారి ఆపి, తిరిగి వేసి చూడండి. అరగంట తరువాత తీగ గుచ్చమని, యూనియను కార్యాలయానికి ఫోను చేసి, ఆ పదిమంది నంబర్లూ చదివించండి. పది చీటీలలో ఉన్న లీటర్లు, వెన్న శాతం అక్కడ పదిసార్లే, అవే అంకెలతో వినిపిస్తే ఆ యంత్రం ధర గురించి మాట్లాడవచ్చు.